వేడినీటి దీవి, నాచు కప్పిన ఊరు

వాంకూవర్ అంతర్జాతీయ విమానాశ్రయంలో, బయల్దేరే ప్రయాణికుల అంతస్తులో, ఆకుపచ్చని పెద్ద పడవ ఒకటి కనిపిస్తుంది. కంచుతో పోతపోసిన శిల్పం అది. ఎలుగుబంటి కుటుంబం, బొంతకాకి, తోడేలు, కప్ప, ఎలుకమ్మ, మధ్యలో పొడుగు టోపీ పెట్టుకున్న నాయకుడు, అంతా కలిపి 13 మంది ఒకరినొకరు తోసుకుంటూ, కొరుక్కుంటూ అందులో ప్రయాణం చేస్తుంటారు. సర్రే నుంచో బర్నబీ నుంచో అమ్మానాన్నల్ని ఇండియా విమానం ఎక్కించడానికి వచ్చిన తెలుగువాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటారు. చేసినవాడి పేరు బిల్ రీడ్. 2004 నుంచి కొన్నేళ్లపాటు చెలామణీ అయిన కెనడా 20 డాలర్ల నోటు వెనక ఉన్న బొమ్మలు కూడా ఆయన కళాఖండాలవే. కాబట్టి కెనడాలో ఆ రోజుల్లో ఉన్నవాళ్లు ఆయన పేరు వినకపోయినా, ఆయన పనిని జేబులో పెట్టుకుని తిరిగారు.

1998లో బిల్ రీడ్ చనిపోయాక ఆయన అస్థికల్ని ఒక సెడార్ పడవలో పెట్టి, రెండు రోజులు సముద్రం మీద తెడ్లేసుకుంటూ ఒక ఊరికి తీసుకెళ్లారు. ఆ పడవ ‘లూ టాస్’. 1986లో వాంకూవర్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం ఆయనే దగ్గరుండి చెక్కించిన 50 అడుగుల పడవ. ఊరి పేరు టానూ. ఆయన అమ్మమ్మ పుట్టింటివాళ్లది. అక్కడ మనుషులు కాపురం మానేసి అప్పటికే వందేళ్లు దాటింది. నేలకొరిగిన దూలాలు, వాటి మీద మందపాటి నాచు, చెట్ల మధ్య మౌనంగా ఉన్న గుంటలు, అంతే.

ఆ టానూ నుంచి పడవలో దక్షిణంగా గంటలోపు వెళితే ఇంకో చిన్న దీవి. ఇక్కడి మూలవాసులైన హైడా జనం భాషలో దాని పేరు గండ్ల్ కిన్ గ్వాయ్‌యాయ్, అంటే వేడినీళ్ల దీవి. సముద్రపు ఒడ్డునే, బండల మధ్య, వేడినీటి మడుగులు. పొద్దున పాత ఊరి శిథిలాలు, మధ్యాహ్నం సముద్రం చూస్తూ వేడినీళ్లలో నానడం. వినడానికి గ్రీసులోనో టర్కీలోనో విహారయాత్రల కంపెనీ రాసుకున్న పూట కార్యక్రమంలా ఉంటుంది. కానీ ఇది కెనడా పడమటి కొసన, బ్రిటిష్ కొలంబియా తీరానికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైడా గ్వాయ్ దీవుల్లో.

సగం రోజు విహారమే. అయితే ఆ సగం రోజు దాకా చేరడానికే రెండు మూడు రోజులు పడుతుంది.

వాంకూవర్ నుంచి శాండ్‌స్పిట్ అనే చిన్న ఊరికి రెండు గంటల విమాన ప్రయాణం. పొగమంచు లేకపోతేనే. లేదంటే ప్రిన్స్ రూపర్ట్ రేవు నుంచి హెకేట్ జలసంధి మీదుగా స్కిడెగేట్‌కి ఏడెనిమిది గంటలు ఫెర్రీలో రావాలి. ఆ జలసంధి లోతు తక్కువ, గాలి ఎక్కువ. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్లు మాత్ర వేసుకోక తప్పదు. ఆ తర్వాత దక్షిణపు దీవిలో రాళ్లరోడ్డు మీద వాహనం, అది ఆగిపోయిన చోట మోటారు బిగించిన రబ్బరు పడవ. దక్షిణ భాగమైన గ్వాయ్ హానాస్‌లోకి రోడ్డే లేదు. దాదాపు 1,470 చదరపు కిలోమీటర్ల నేల, దాని చుట్టూ అంతకు రెట్టింపును మించిన సముద్రం, అన్నీ కలిపి కొండకొమ్ము నుంచి కడలి అడుగు దాకా ఒకటే రక్షిత ప్రాంతం. లోపలికి వెళ్లాలంటే పడవ, లేకపోతే నీళ్ల మీద వాలే విమానం.

వెళ్లేముందు ఒక పాఠం వినాలి. గ్వాయ్ హానాస్‌లో అడుగుపెట్టే ప్రతి సందర్శకుడికీ అది తప్పనిసరి. ఎక్కడ నడవాలి, ఏది ముట్టుకోకూడదు, చెత్త ఏం చేయాలి, నల్ల ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలి, ఇలాంటివన్నీ చెబుతారు. టికెట్ కొనుక్కున్నాక కూడా క్లాసు ఏమిటని విసుక్కునేవాళ్లు ఉంటారు. తీరా ఊరి ముందు పడవ ఆగాక అర్థమవుతుంది, అది మ్యూజియం గుమ్మం కాదు, ఒకరి ఇంటి గడప అని. దిగేముందు పడవ నడిపే మనిషి రేడియోలో లోపలి వాళ్లని పిలుస్తాడు. “రావచ్చా?” అని అడుగుతాడు. ఒక చోట ఒకేసారి 12 మందికి మించి ఒడ్డు మీద ఉండకూడదు. ముందు గుంపు ఇంకా కదలకపోతే వెనకొచ్చినవాళ్లు నీళ్ల మీదే ఊగుతూ ఆగాలి. రమ్మన్నాకే దిగాలి.

రమ్మనేవాళ్లు వాచ్‌మెన్. మన అపార్టుమెంట్ల వాచ్‌మన్ కాదు. పాతకాలపు హైడా చెక్క స్తంభాల శిఖరాన పొడుగు టోపీలు పెట్టుకున్న ముగ్గురు కావలివాళ్ల బొమ్మలు చెక్కి ఉంటాయి, ఈ పేరు వాళ్లదే. సముద్రం మీద శత్రువు వస్తున్నా, తుఫాను వస్తున్నా ముందుగా చూసి ఊరిని హెచ్చరించేది వాళ్లే. 1970ల చివరికి ఈ ఖాళీ ఊళ్లలో దొంగలు పడి చేతికందింది ఎత్తుకుపోవడం ఎక్కువయ్యేసరికి, స్కిడెగేట్, మాసెట్ ఊళ్ల హైడా జనం వేసవిలో తమంతట తామే పడవలేసుకుని వచ్చి కాపలా ఉండటం మొదలుపెట్టారు. 1981లో అది పద్ధతిగా ఏర్పడిన కార్యక్రమం అయింది. ఇప్పుడు 5 చోట్ల వాచ్‌మెన్ ఉంటారు: కూనా, టానూ, విండీ బే, వేడినీళ్ల దీవి, అన్నిటికన్నా దక్షిణాన స్గాంగ్ గ్వాయ్. నడివయసు మహిళలు, తాతలు, సెలవుల్లో మనవలు, చదువుకునే కుర్రాళ్లు. వేసవి నెలలు ఒక చెక్క క్యాబిన్‌లో ఉండి, వచ్చినవాళ్లకి టీ కూడా పోస్తారు ఒక్కోసారి.

టానూ ఒడ్డున దిగితే ముందు కళ్లకి ఏమీ కనిపించదు. ఇక్కడే చాలామంది నిరాశపడతారు. హంపీ చూసినవాళ్లకి, ఓరుగల్లు తోరణం కింద నిలబడినవాళ్లకి శిథిలం అంటే రాయి. ఇక్కడ రాయి లేదు. అంతా చెక్క, అది కూడా వాన నిత్యం కురిసే అడవిలో. దారి పొడవునా తెల్లని గుల్లలు పరిచి ఉంటాయి, వాటి మీదే నడవాలి. అటూ ఇటూ పచ్చని పరుపులాంటి నాచు. నెమ్మదిగా చూపు అలవాటయ్యాక, ఆ పచ్చదనం కింద గీతలు తేలతాయి. ఇంత పొడుగు గుట్ట సహజంగా ఉండదే, ఇది దూలం. ఈ పల్లం ఇంత చతురస్రంగా ఉందేమిటి, ఇది ఇల్లు.

ఒకప్పుడు ఇక్కడ 25 దాకా పెద్ద ఇళ్లుండేవి, సముద్రం వైపు ముఖం పెట్టి వరసగా. ఒక్కో ఇల్లు ఒక ఉమ్మడి కుటుంబం, అంటే చిన్న గ్రామమంత. లోపల నేలని మెట్లు మెట్లుగా తవ్వేవారు, మన కోనేరు ఖాళీ చేస్తే కనిపించే ఆకారంలో. అట్టడుగున నిప్పు, పై మెట్ల మీద కుటుంబాల పడకలు. హోదాను బట్టి ఎవరు ఏ మెట్టు మీద పడుకోవాలో నిర్ణయం. మూలల్లో నిట్రాళ్లు, వాటి మీద ఒకే చెట్టు మొదలుతో చేసిన దూలాలు, మేకులు లేకుండా గాడిలో గాడి దిగేట్టు బిగించినవి. గోడలు సెడార్ పలకలు. ఇంటి ముందు వంశ చరిత్ర చెక్కిన స్తంభం. కొన్ని స్తంభాలు చనిపోయినవారివి: పైభాగాన తొలిచి, పెట్టెలో నాయకుడి దేహాన్ని ఉంచి, ముందు చెక్క ఫలకం బిగించేవారు.

ఎర్ర సెడార్ మీదే ఈ నాగరికతంతా నిలబడింది. పడవ అదే, ఇల్లు అదే, పెట్టె అదే, నారతో నేసిన టోపీ, చాప, తాడు కూడా అదే. చెట్టును చంపకుండా ఒక పక్క నుంచి బెరడు ఒలుచుకున్న గుర్తులు, పలకలు చీల్చుకున్న గుర్తులు అడవిలో బతికున్న చెట్ల మీద ఇంకా కనిపిస్తాయి.

జనం ఎక్కడికి పోయారన్న ప్రశ్న ఎవరైనా అడుగుతారు. 1862 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి విక్టోరియాకి వచ్చిన ఓడలో మశూచి దిగింది. అప్పట్లో వర్తకం కోసం ఉత్తర తీరపు జనం వందల సంఖ్యలో విక్టోరియా చుట్టూ గుడిసెలేసుకుని ఉండేవారు. రోగం సోకినవాళ్లని అక్కడే ఉంచి చూసుకోవాల్సింది పోయి, అధికారులు వాళ్లని వెళ్లగొట్టారు. వాళ్లు పడవలెక్కి ఇళ్లకు వెళ్లారు, రోగం వాళ్లతోపాటు తీరమంతా పాకింది. అమ్మవారు పోసిన ఊళ్లని వదిలి పొలిమేర దాటి వెళ్లిపోయిన కథలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. అయితే ఇక్కడ మిగిలినవాళ్లే తక్కువ. వేలల్లో ఉన్న హైడా జనాభా 20వ శతాబ్దం మొదటికి 600 లోపుకు పడిపోయింది. చచ్చినవాళ్లని పూడ్చేందుకు కూడా చాలినంతమంది లేని ఊళ్లలో బతకడం కుదరక, మిగిలినవాళ్లు ఉత్తరాన ఉన్న రెండు ఊళ్లకి, స్కిడెగేట్, మాసెట్‌లకి, చేరారు. టానూ 19వ శతాబ్దం ముగిసేలోపే ఖాళీ అయింది.

1878లో భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ డాసన్ ఈ తీరం వెంబడి తిరుగుతూ ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో ఊళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి, స్తంభాలు అడవిలాగే దట్టంగా. 1912లో చిత్రకారిణి ఎమిలీ కార్ వచ్చేసరికి ఊళ్లు ఖాళీ, స్తంభాలు మాత్రం ఉన్నాయి. ఆమె వానలో కూర్చుని వాటిని గీసింది, తర్వాత తన ‘క్లీ విక్’ పుస్తకంలో టానూ గురించి ఒక అధ్యాయం రాసింది. ఆ రెండు తరాల మధ్య ఎంత జరిగిందో తెలియాలంటే ఆ ఫొటోలూ ఆ బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

తర్వాత వచ్చినవాళ్లు కాపాడటానికే వచ్చారు. 1954లో టానూ, కూనాల నుంచి, 1957లో స్గాంగ్ గ్వాయ్ నుంచి కొన్ని స్తంభాలని కోసి, పెట్టెల్లో కట్టి, విక్టోరియా, వాంకూవర్ మ్యూజియంలకి తరలించారు. 57లో తీసుకెళ్లినవి 11. ఆ బృందాల్లో మానవశాస్త్రవేత్త విల్సన్ డఫ్‌తో పాటు ఉన్నవాడు, అప్పటికి రేడియో అనౌన్సర్‌గా జీతం తీసుకుంటూ చెక్కడం నేర్చుకుంటున్న బిల్ రీడ్. అంటే, అమ్మమ్మ ఊరి నుంచి స్తంభాలు తీసుకెళ్లిన చేతులే ఆ కళని మళ్లీ బతికించాయి. తప్పా ఒప్పా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అమరావతి స్తూపం శిల్పఫలకాలు మద్రాసుకీ లండన్‌కీ పోవడం వల్ల మిగిలాయా, పోవడం వల్ల అమరావతి బోసిపోయిందా అని మనం వాదించుకునేదీ దాదాపు ఇదే. తేడా ఒకటుంది. హైడా జనం తమ పూర్వీకుల అస్థికల కోసం 1990ల నుంచి ప్రపంచంలోని మ్యూజియంలన్నిటి తలుపులూ తట్టి, 400 మందికి పైగా పెద్దల అవశేషాల్ని ఇంటికి తెచ్చుకుని, సెడార్ పెట్టెలు తామే చేసి, పిల్లల చేత బొమ్మలు వేయించి, పూడ్చిపెట్టుకున్నారు.

మరి మిగిలిన స్తంభాలు? యునెస్కో 1981లోనే స్గాంగ్ గ్వాయ్‌ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నిలబడిన స్తంభాలు ఎక్కువగా ఉన్నది అక్కడే. వాటి మీద పెరిగే మొక్కల్ని తీయడం, మరీ ఒరిగినవాటిని కాస్త సర్దడం చేశారు. అంతకుమించి రసాయనాలు పూసి, గాజు డబ్బాలో పెట్టి నిలబెట్టే పని చేయలేదు. మట్టిలోంచి వచ్చిన స్తంభం మట్టిలోకే పోవాలన్నది పెద్దల మాట. పడిపోతే పడిపోనిస్తారు. వారసత్వ స్థలం అనగానే సిమెంటు దట్టించి రంగులేసే అలవాటున్న మనకి ఇది మింగుడుపడటం కష్టం. కానీ టానూలో కాసేపు నడిచాక, ఒక దూలం మీద మొలిచిన స్ప్రూస్ చెట్టు వేళ్లు దూలాన్ని కౌగిలించుకున్నట్టు చుట్టి, ఆ దూలం కరిగిపోయాక ఖాళీని మాత్రం పట్టుకుని ఉండటం చూశాక, ఆ మాటలో పట్టుదల కనిపిస్తుంది. వాచ్‌మన్ ఎవరైనా పక్కనుంటే ఏ ఇల్లు ఎవరిదో పేరుతో సహా చెబుతారు. చెక్క పోయినా ఆ చిట్టా పోలేదు.

ఇంకో సంగతి. ఆ నాచు పచ్చికబయలు అంత శుభ్రంగా ఉండటం ప్రకృతి పని కాదు. వేటకి పనికొస్తాయని 19వ శతాబ్దం చివర్లో జింకల్ని బయటినుంచి తెచ్చి వదిలారు. వాటిని తినే జంతువు ఈ దీవుల్లో లేదు. అవి పొదల్నీ, సెడార్ మొక్కల్నీ తినేసి అడవిని ఊడ్చినట్టు చేశాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అడవికి మాత్రం అది రోగం.

పడవ మళ్లీ ఎక్కాలి. దక్షిణం వైపు లయల్ దీవి తూర్పు ఒడ్డున విండీ బే వస్తుంది. అక్కడ కొత్త స్తంభం ఒకటి ఉంది, 42 అడుగులు. 2013 ఆగస్టులో వందలమంది తాళ్లు పట్టుకుని లాగి నిలబెట్టారు. గ్వాయ్ హానాస్‌లో 130 ఏళ్ల తర్వాత లేచిన మొదటి స్తంభం అది, చెక్కింది జాలెన్ ఎడెన్‌షా. ఈ చోటే ఎందుకంటే, 1985లో చెట్లు నరికే కంపెనీల లారీలకి అడ్డంగా హైడా జనం రోడ్డు మీద కూర్చున్నది ఈ దీవిలోనే. 72 మంది అరెస్టయ్యారు. మొట్టమొదట అరెస్టయినవాళ్లు ముగ్గురు ముసలివాళ్లు, కావాలనే ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లని పోలీసులు తీసుకెళ్తున్న దృశ్యం టీవీలో చూసి దేశమంతా కదిలింది. 1988 ఒప్పందంతో నరుకుడు ఆగింది. 1993 నుంచి ఈ ప్రాంతాన్ని హైడా జనం, కెనడా ప్రభుత్వం సమాన సంఖ్యలో ప్రతినిధులున్న బోర్డు ద్వారా కలిసి నడుపుతున్నారు. నేల ఎవరిదన్న విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం లేదని ఆ ఒప్పందంలోనే పక్కపక్కన రాసుకుని మరీ సంతకాలు చేశారు. విడాకులకు బదులు ఉమ్మడి కాపురం అన్నమాట. 2010లో దీవుల పాత పేరు క్వీన్ షార్లట్ పోయి హైడా గ్వాయ్ వచ్చింది, 2024లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం దీవులన్నిటి మీదా హైడా హక్కును గుర్తించింది.

ఆ స్తంభం మీద చెక్కిన ఆకారాల్లో ఒకటి భూకంపాలకు కారణమని హైడా పురాణాలు చెప్పే దేవత. ఆ బొమ్మ అక్కడికి రావడానికీ, వేడినీళ్ల దీవి ఎండిపోవడానికీ ఒకే భూకంపం కారణం.

2012 అక్టోబర్ 27, శనివారం రాత్రి ఎనిమిది గంటలకి దీవుల పడమటి తీరం కింద భూమి కదిలింది. తీవ్రత 7.8. కెనడాలో అంతకన్నా పెద్దది అంతకుముందు 1949లో వచ్చింది, 8.1 తీవ్రతతో, అదీ ఈ దీవుల దగ్గరే. పసిఫిక్ ఫలకం, ఉత్తర అమెరికా ఫలకం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే గీత దీవుల పడమటి అంచునే ఉంది మరి. సునామీ భయంతో హవాయి తీరంలో జనాన్ని ఎత్తైన చోట్లకి తరలించారు. దీవుల్లో మాత్రం ప్రాణనష్టం లేదు. కొన్ని రోజులకి పార్కు సిబ్బంది వేడినీళ్ల దీవికి వెళ్లి చూస్తే, మడుగులన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఊటలు ఆగిపోయాయి. భూకంపానికి ముందు కొన్ని ఊటల్లో నీరు 70 డిగ్రీలు దాటి పొగలు కక్కేది. ఇప్పుడు ఆ రాళ్లు చల్లగా, పొడిగా ఉన్నాయి.

ఇక్కడ అగ్నిపర్వతం ఏదీ లేదు. వాననీరు రాతి పగుళ్లలోంచి లోతుకి దిగుతుంది. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకి సుమారు 25, 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అక్కడ కాగిన నీరు దారి దొరికిన చోట వేగంగా పైకి తన్నుకొస్తుంది. ఆ దారులే ప్రాణం. భూకంపంతో రాళ్ల మీద ఒత్తిడి మారితే, ఉన్న పగుళ్లు మూసుకోవచ్చు, కొత్తవి తెరుచుకోవచ్చు, నీరు ఇంకెటో పోవచ్చు. మనకీ ఇది తెలియని విషయం కాదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్లు ఊరడం యాత్రికులు చూస్తూనే ఉంటారు. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే పొంగితే, సింగరేణి సంస్థ వాటితో కరెంటు తీసే ప్రయోగం చేసింది. అక్కడా అగ్నిపర్వతం లేదు, లోతైన పగుళ్లే.

హైడా వాళ్లు ఈ నీళ్లని తరతరాలుగా మందుగా వాడారు. కీళ్లనొప్పులకి, ఒళ్లు బడలికకి, మనసు బాగాలేనప్పుడు కూడా. అలాంటి చోటు ఒక్క రాత్రిలో మూగబోవడం వాళ్లకి వార్త మాత్రమే కాదు. అయినా కాపలా మానలేదు. నీళ్లు లేని దీవిలోనూ వాచ్‌మెన్ వేసవుల్లో ఉన్నారు, వచ్చినవాళ్లకి ఎండిన మడుగులే చూపించి కథ చెప్పారు. 2014 ప్రాంతంలో రాళ్ల మధ్య వెచ్చదనం మళ్లీ తగిలింది. ఆ తర్వాత కొన్నేళ్లలో నీరు కొద్దికొద్దిగా పెరిగి, మడుగులు మళ్లీ నిండాయి. అన్నీ పాత చోట్లలోనే, పాత వేడితోనే రాలేదు. అందుకే పదిహేనేళ్ల కిందటి యాత్రా పుస్తకంలో మడుగుల వర్ణన చదివి వెళ్లేవాళ్లు, అక్కడ వాచ్‌మన్ చెప్పేదే నమ్మాలి.

దిగాక పెద్ద తతంగమేమీ ఉండదు. చెట్ల మధ్య కాలిబాట, బట్టలు మార్చుకునే చోటు, ఒడ్డున రాళ్ల మధ్య మడుగు. వాతావరణం చల్లగా ఉంటుంది, వేసవిలో కూడా సముద్రపు నీరు వేలు పెడితే జివ్వుమంటుంది. ఆ చలిలో రబ్బరు పడవ మీద గాలి దెబ్బ తిని వచ్చిన శరీరం మెడ దాకా వేడినీళ్లలోకి దిగినప్పుడు వచ్చే నిట్టూర్పు భాష తేడా లేకుండా అందరిదీ ఒకటే. ఎదురుగా హువాన్ పెరెస్ సౌండ్ అనే సముద్రపు పాయ నీళ్లు, వెనక మంచు గీతలున్న కొండలు, అదృష్టం ఉంటే దూరంగా తిమింగలం ఊపిరి. బోడితల డేగలు ఇక్కడ కాకుల్లాగే మామూలు. పన్నెండుమంది నియమం వల్ల గోల ఉండదు. గంటన్నర నానాక వేళ్లు ముడతలు పడతాయి, పడవవాడు గడియారం చూసుకుంటాడు.

ఇది కుదరనివాళ్లకి ఇంకో దారి ఉంది, నిజంగానే పూటలో అయిపోయేది. వాంకూవర్ దీవి పడమటి ఒడ్డున టోఫినో నుంచి పడవలో గంటన్నర వెళితే హాట్ స్ప్రింగ్స్ కోవ్. 1955లో ఏర్పడిన మాక్వినా మెరైన్ పార్కులో ఉంది. ఊట దగ్గర నీరు దాదాపు 50 డిగ్రీలు. ముందు చిన్న జలపాతంగా దూకి, ఇరుకైన రాతి చీలికలో మడుగు తర్వాత మడుగుగా చల్లారుతూ సముద్రంలో కలుస్తుంది. పోటు వేళ అడుగు మడుగులోకి చల్లని అల ఎగిరిపడుతుంది, అప్పుడు వేసే కేకలు అడవంతా వినిపిస్తాయి. రేవు నుంచి అక్కడికి పెద్ద పెద్ద చెట్ల మధ్య రెండు కిలోమీటర్ల చెక్కబాట ఉంటుంది. ఆ పలకల మీద వచ్చిపోయిన పడవల పేర్లు చెక్కి ఉండటం చదువుకుంటూ నడవొచ్చు. ఆ తీరం హెస్క్వియాట్ జనానిది. 1964 మార్చిలో అలాస్కా భూకంపం పంపిన సునామీ వాళ్ల ఊరిని ఊడ్చేసింది, తర్వాత ఎత్తైన చోట మళ్లీ కట్టుకున్నారు. ఇక్కడ శిథిలాలు తక్కువ, మందీ ఎక్కువ. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇదే తేలిక.

హైడా గ్వాయ్‌కే వెళ్లాలనుకుంటే, ప్రయాణం చలికాలంలోనే నిశ్చయించుకోవాలి, ఎందుకంటే పడవల్లో సీట్లు కొద్ది, వాచ్‌మెన్ ఉండేది వేసవి నెలల్లోనే. స్కిడెగేట్‌లోని హైడా వారసత్వ కేంద్రాన్ని ముందు చూస్తే, టానూలో నేల మీద పడున్నవి నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేవో కళ్లకి కడుతుంది. కేంద్రం ముందు 6 స్తంభాలున్నాయి, ఒక్కోటి ఒక్కో పాత ఊరి పేరు మీద. ఈతబట్టలు లోపల వేసుకునే బయల్దేరడం మంచిది. పడవవాళ్లు వాన ఆపే మందపాటి సూట్లు ఇస్తారు, అయినా ఉన్ని దుస్తులు, మారుబట్టలు, తువ్వాలు నీళ్లు చొరని సంచిలో పెట్టుకోవాలి. దారిలో కొట్లు లేవు, ఫోన్ సిగ్నల్ లేదు. పులిహోర పొట్లం కట్టుకుంటే పాడవదు, వాచ్‌మెన్‌కి కాస్త పెడితే సంతోషిస్తారు. ఊళ్లలో గవ్వ కూడా జేబులో వేసుకోకూడదు. గాలి ఎక్కువైతే పడవ బయల్దేరదు, పొగమంచు పడితే శాండ్‌స్పిట్ నుంచి విమానం లేవదు. అందుకని తిరుగు టికెట్‌కి ఒక రోజు ఎక్కువే పెట్టుకోవాలి. ఆ రోజు మిగిలితే స్కిడెగేట్ ఒడ్డున బేలెన్స్ రాక్ అనే బండరాయి ఉంది, హిమనదం తెచ్చి పడేసి పోయింది, ఎంత తోసినా కదలదు. పిల్లలు తోసి చూడకుండా ఊరుకోరు.